చందమామ మీద గీత

ఆ కార్ఖానాలో ఆమెను అందరూ ఎనిమిదుల పిన్ని అనేవారు. గాజుపోగు కొసను నునుపు చేయాలంటే పాలిష్ కాగితం మీద ఎనిమిది అంకె చుట్టినట్టు తిప్పాలి. ఎటుపడితే అటు రుద్దితే ఒకవైపే అరిగి ఊరుకుంటుంది. ఇరవై రెండేళ్లు తిప్పగా తిప్పగా పిన్ని చెయ్యి నిద్రలో కూడా దుప్పటి మీద ఎనిమిదులు చుట్టేది. ఎనిమిది దాకా నేర్చి బడి మానేసిందని గిట్టనివాళ్లు అనేవారు. "తొమ్మిది నేర్చినవాళ్లు ఏం ఊడబొడిచారో చూశాంలే" అనేది పిన్ని.

కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే తీగలు చేస్తారక్కడ. వాటిలో రాగి ఉండదు. వెంట్రుకంత గాజుపోగు, అందులో పరిగెత్తే వెలుగు, అంతే. ముందు బల్ల దగ్గర పిన్ని కోడలు ఆ పోగును కనెక్టర్ తాలూకు పింగాణీ ముక్కులో జిగురుపెట్టి నిలబెడుతుంది. వెనక బల్ల దగ్గర అత్త నునుపు చేస్తుంది. నీలం తొడుగుంటే కొస తిన్నగా, ఆకుపచ్చదైతే రవ్వంత ఏటవాలుగా ఉండాలి. "నీలానికీ ఆకుపచ్చకీ ముడిపెట్టారో, కాపురం నిలవదు, రెండు మొహాలూ చెడతాయి" అని కొత్తవాళ్లను పిన్ని ముందే బెదిరించేది.

నునుపయ్యాక కొసను మైక్రోస్కోపులో చూడాలి. పిన్ని ఆ ఘడియ కోసమే పనిలోకి వచ్చేదంటే తప్పు లేదు. కన్ను ఆనించగానే గదీ, ఫ్యాన్ల రొదా, కోడలి సణుగుడూ ఎక్కడికో జరిగిపోయేవి. బూడిదరంగు ఆకాశం. అందులో నిండు చందమామలా పోగు కొస. నడిమధ్య చిన్న చుక్క. వెలుగంతా ఆ చుక్కలోంచే దాటిపోతుంది. చుక్కలో గీత పనికిరాదనీ, అంచుల్లో ఒకటీ అరా ఉన్నా సర్దుకోవచ్చనీ గోడకంటించిన పటంలో ఉంది. పిన్నికి పటం అక్కర్లేదు. రోజుకు నలభైసార్లు ఆ చందమామ మీద దిగి, చుట్టూ ఒకసారి నడిచి, కాలికి మట్టంటకుండా తిరిగొచ్చేది. అక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవరు, ఏ పనీ చెప్పరు.

ఆ వారం చందమామ మీద గీత పడింది. సన్నగా, కాస్త వంకరగా, సరిగ్గా చుక్క మీదుగా. పిన్ని దాన్ని పక్క ట్రేలో పడేసి ఇంకొకటి తీసింది. దానిమీదా గీతే. తర్వాత కొన్ని శుభ్రంగా కనిపించాయి, అంతలో మళ్లీ గీత.

"నీ జిగురు పనే ఇది" అంది కోడలితో.

"నా జిగురు గీతలు గీయదు అత్తయ్యా. గీసేది మీ నోరు."

నాలుగోరోజుకి ట్రేలో పదిహేడు పోగయ్యాయి. పిన్ని వద్దన్నదాన్ని మళ్లీ చూసే ధైర్యం అక్కడ ఎవరికుంది? సూపర్‌వైజర్ ట్రేను మాత్రం చూశాడు.

"పిన్నిగారూ, చెయ్యి అలిసిపోయినట్టుంది. రేపట్నుంచి ప్యాకింగ్‌లో కూర్చోండి."

"నా చెయ్యి అలిసిందా? నువ్వు మూతి తుడుచుకోవడం నేర్వకముందు నుంచీ ఈ బల్ల నాది!"

"నిజమే పిన్నీ. కానీ పదిహేడు!"

అందరూ భోజనానికి వెళ్లాక పిన్ని ఒక్కతే మిగిలింది. కనెక్టర్‌ను మైక్రోస్కోపులోనే మెల్లగా తిప్పింది. గీత దానిమీదుంటే దానితోపాటు తిరగాలి. తిరగలేదు. కన్నానించే గొట్టాన్ని తిప్పింది. అద్దం మీదుంటే అద్దంతో తిరగాలి. ఊహూఁ. తలెత్తి తెల్లగోడ వైపు చూసింది. గోడ మీద ఉంది గీత. కన్ను కదిపితే నీళ్లలో నాచుపోగులా వెనకాలే తేలుతూ వచ్చింది.

గీత ఉన్నది పిన్ని కంట్లోనే. ఎడమకన్ను ఏనాడో మసకబారింది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా తెలియనివ్వలేదు. ఉన్న ఒక్క కుడికన్నూ ఇప్పుడిలా చేసింది.

చూడకుండానే అన్నీ బాగున్నాయనేస్తే? చేతిమీద నమ్మకం ఉంది కదా! కానీ ఆ గీత చాటున నిజం గీత దాక్కుంటే? అట్టపెట్టెలకు టేపు అంటించుకుంటూ బతకడం ఒక ఎత్తు, చెడ్డ ముక్క దాటించి తలెత్తుకు తిరగడం మరో ఎత్తు. రెండోది ఆమె వల్ల కాదు.

"ఏమే, ఇలా రా!"

"తింటున్నానత్తయ్యా."

"నోటితో పని లేదు. కన్ను కావాలి."

కోడలు చెయ్యి కడుక్కుని వచ్చి వంగి చూసింది.

"గీత ఉందా?" పిన్ని గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"లేదు. శుభ్రంగా ఉంది." కోడలు తలెత్తి అత్త మొహంలోకి చూసింది. వెటకారమాడబోయి మానుకుంది. "ఎన్నాళ్లయింది?"

"నాలుగు రోజులు. టాంటాం వెయ్యకు."

"సాయంత్రం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. కాదన్నారో, ఎత్తుకుపోతా."

"వస్తాలే. ముందు ఆ ట్రే చూడు."

పదిహేడింట్లో పద్నాలుగు బాగున్నాయి. మూడింట్లో నిజంగానే గీతలున్నాయి.

"అబద్ధం!"

"చుక్క మీదే ఉందత్తయ్యా."

పిన్ని ఆ మూడూ తీసుకుని పాలిష్ కాగితం మీద నీటిచుక్క వేసింది.

సూపర్‌వైజర్ వచ్చేసరికి చెయ్యి అత్తది, కన్ను కోడలిది. "ఇదేం పద్ధతి?" అన్నాడతను.

కోడలు తల తిప్పకుండానే గోడ చూపించింది. "గీత ఎక్కడ ఉండకూడదో రాశారు. చూసే కన్ను ఎవరిదై ఉండాలో రాయలేదు సార్."

అతను ట్రే వైపూ, పిన్ని చేతివైపూ కాసేపు చూసి, "డాక్టరేమంటాడో చెప్పండి. అప్పటిదాకా ఇలాగే కానివ్వండి" అని వెళ్లిపోయాడు.

మూడోది కోడలికి అందించి పిన్ని అడిగింది, "ఎలా ఉంది?"

"బాగుంది."

"కూర అడిగానా, బాగుందనడానికి? కనిపించింది కనిపించినట్టు చెప్పు."

కోడలు మళ్లీ వంగింది. గొట్టం కాస్త సరిచేసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "బూడిదరంగుగా ఉందత్తయ్యా, తెల్లారబోతున్నట్టు. అంచు గుండ్రంగా ఉంది. లోపల ఎవరూ తొక్కని చోటులా..." అంది.

పిన్ని రెండు కళ్లూ మూసుకుంది.

"ఊఁ... నెమ్మదిగా చెప్పు" అంది.