అమ్మవారి ముందు వాలిన చెయ్యి

మొన్న గాజువాకలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. పులిహోర బాగా కుదిరింది, గుత్తివంకాయ ఇంకా బాగుంది, రెండోసారి వడ్డించుకునే ఉద్దేశంలోనే ఉన్నాను. పక్క కుర్చీలో కూర్చున్న వరసకి వదిన ఉన్నట్టుండి, "మీ సిన్నమావ తాగి తాగే గదేటి పోయినాడు?" అంది. వానొచ్చిందా అని అడిగినంత తేలిగ్గా అడిగింది. ఎత్తిన ముద్ద పళ్ళెంలో పడేశాను. "జన్మలో సుక్క ముట్టనేదు ఆయన!" అన్నాను గట్టిగానే. వడ్డించేవాళ్ళు ఆగి చూశారు. పోయినవాళ్ళని వెనకేసుకురావడం బంధువుల ధర్మమే కదా అన్నట్టు వదిన జాలిగా తలూపింది. ఆ తలూపు చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మా చిన్నమావయ్య, అంటే అమ్మకి ఆఖరి తమ్ముడు, పోర్టులో సిగ్నల్ మేన్. ఓడ డెక్ మీద నిలబడి, పైన కూర్చున్న క్రేన్ డ్రైవర్‌కి చేతులతో సైగలు చెయ్యడం ఆయన పని. ఓడ కడుపులో ఏం జరుగుతోందో డ్రైవర్‌కి కనపడదు. మావయ్య చెయ్యే అతనికి కళ్ళు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. పులుసు చాలనడానికి కూడా నోరు తెరిచేవాడు కాదు, చెయ్యెత్తి ఆపేవాడు. అలాంటి మనిషికి నలభై దాటాక సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలిపోవడం, మాట ముక్కులోంచి ముద్దగా రావడం మొదలైంది. పడుకుని లేస్తే మళ్ళీ మామూలే. పొద్దున్న బాగుండి సాయంత్రానికి తడబడే మగవాణ్ణి చూస్తే మనవాళ్ళకి ఒకటే రోగం తోస్తుంది. అత్త రోజూ నోరు వాసన చూసేది. ఏ వాసనా రాకపోతే ఊరుకోవచ్చు కదా! "వోసన రానిదేదో తాగతన్నాడమ్మా" అని మా అమ్మ దగ్గర ఏడ్చేది.

ఒక సాయంత్రం ఆగమని ఎత్తి పట్టుకున్న చెయ్యి దానంతటదే వాలిపోయింది. డ్రైవర్ దించమన్నాడనుకుని బరువు దించేశాడు. కిందివాళ్ళు పక్కకి దూకబట్టి సరిపోయింది. ఆ గ్యాంగ్‌కి మేస్త్రి మా పెదనాన్నే. పైవాళ్ళకి చెప్పకుండా ఇంటి పెద్దలా తీర్పు తీరుస్తానన్నాడు. మావయ్యని పని నుంచి నేరుగా అమ్మవారి గుడికి తీసుకెళ్ళి, వీధి వీధంతా చూస్తుండగా ప్రమాణం చెయ్యమన్నాడు. కుడిచెయ్యి ఎత్తి, మూడుసార్లు చెప్పి, కర్పూరం ఆర్పాలి. "నాను తాగనేదు" అని మొదటిసారి బాగానే అన్నాడు. రెండోసారి మాట ముద్దయింది. మూడోసారి మాటే రాలేదు, కర్పూరం దాకా వెళ్ళకుండానే చెయ్యి జారిపోయింది. "తల్లి పట్టీసింది!" అన్నారందరూ. మర్నాటి నుంచి పెదనాన్న ఆయన్ని పనిలోకి రానివ్వలేదు. ఆ చెయ్యి అలా పడిపోవడం చూస్తూ ఆయన నిలబడ్డ తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

తర్వాత అన్నం మింగడమే కష్టమైతే నేనే బలవంతంగా నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ గది పైకప్పుకేసి కన్నార్పకుండా చూడమంది. చూస్తుండగానే రెప్పలు దిగిపోయాయి. ఒక రబ్బరు తొడుగులో ఐసుముక్కలు వేసి, వాలిన రెప్ప మీద కాసేపు ఉంచింది. తీస్తే ఏముంది, కన్ను తెరుచుకుంది! ఆవిడ చెప్పినది నాకు అర్థమైనంతలో ఇది: నరం కొసకీ కండకీ మధ్య సన్నని సందు ఉంటుంది. కదలమని మెదడు పంపిన కబురు అక్కడ ఒక రసాయనంగా మారి సందు దాటుతుంది. అవతల దాన్ని అందుకునే చోట్లు ఉంటాయి. తగినన్ని అందుకుంటేనే కండ లేస్తుంది. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన ఒంటి సైన్యమే పొరపాటున ఆ చోట్లని పాడుచేస్తోంది. విశ్రాంతి తర్వాత రసాయనం నిండుగా వస్తుంది కాబట్టి ఉన్న నాలుగు చోట్లతోనే పని నడుస్తుంది. అదే పని మళ్ళీమళ్ళీ చేస్తే విడతవిడతకీ తగ్గి, ఇక చాలదు. ఐసు చల్లదనానికి ఆ రసాయనం అంత త్వరగా విరిగిపోదట. "మీ సిగ్నల్ సరిగానే ఉందండీ, అందుకునేవాడికే గంతలు కట్టారు" అంది మావయ్యతో. ఆయన చాలాసేపు నవ్వాడు, ఆ తర్వాత ఏడ్చాడు.

అంటే గుడిలో మూడుసార్లు చెప్పించింది ప్రమాణం కాదు, పరీక్ష! డాక్టరు చేసిన పరీక్షే మా పెదనాన్నా చేశాడు. ఆవిడ జబ్బు చూసింది, ఈయన అబద్ధం చూశాడు. మాత్రలతో మావయ్య కుదుటపడ్డాక, "ఉజ్జోగం నానడగనమ్మా. ఆ గుళ్లోనే ఆలందరి ముందర, తాగనేదని బావ ఒక్క మాటంటే సాలు" అన్నాడు. నేను డాక్టరు చీటీ పట్టుకుని వెళ్ళి అడిగాను. పెదనాన్న తల దించుకుని విన్నాడు. "అందరూ సూసీసినారు కదమ్మా. ఇప్పుడెల్లి ఏటని సెప్తాం? పెద్దరికం ఏటవుద్ది?" అన్నాడు. నిలదీస్తే, వచ్చే పండక్కి చూద్దామన్నాడు. ఆ పండగా వెళ్ళింది, ఆ తర్వాతవీ వెళ్ళాయి. మావయ్య గుండె ఆగి పోయిన రోజున అందరికంటే బిగ్గరగా ఏడ్చినవాడు పెదనాన్నే. ఆ ఏడుపులో కూడా ఆ ఒక్క మాట లేదు.

మాత్ర వేసుకున్న గంటలోపే మావయ్య చెయ్యి లేచేది. పెదనాన్న నోరు లేవడానికి మాత్రం ఒక జీవితకాలం చాలలేదు.