ఈ అంకెకు ఏ వరస?

ఒక కంపెనీ నివేదికలో కనిపించిన అంకె అసలు దేనికి చెందినదో మీరు ఎప్పుడైనా అడిగారా? ఫిల్మ్‌నగర్‌లోని మా ఆఫీసు కిటికీ తెరిస్తే, పక్క స్థలంలో సెట్టు వేస్తున్న వడ్రంగుల దగ్గరి నుంచి కొత్త ప్లైవుడ్ వాసన లోపలికి వస్తుంది. ఆ వాసన తగిలిన ప్రతిసారీ, నాకు తొలి ఉద్యోగమిచ్చిన సుగుణ మేడమ్ గొంతు వినిపిస్తుంది: "ఏ వరస బిడ్డా?"

సినిమా కంపెనీల ఆర్థిక నివేదికలను కంప్యూటర్లు చదవగలిగే రూపంలోకి మార్చడం మా పని. అంకె ఒక ఫైలులో ఉంటుంది. దాని అర్థం ఇంకొక ఫైలులో, వివరణ మరొక దానిలో. వాటి మధ్య లంకె వేసేది మేము. లంకె తప్పితే అంకె పరాయి ఇంట్లో లెక్కకొస్తుంది. అందుకే మేడమ్ ఒక కట్టడి పెట్టారు: ఏ రెండింటిని కలిపినా, ఎదురుగా కూర్చున్నవారికి ఆ చుట్టరికాన్ని పైకి చెప్పి ఒప్పించాలి. "పెండ్లిల ఎవరన్న కలిస్తే వరస అడుగుతమా లేదా? గిది గూడ గంతే," అనేవారు. కళాశాల చర్చాపోటీల నుంచి నేరుగా వచ్చిన నాకు మొదట్లో నవ్వు వచ్చేది.

నేను చేరిన ఏడాదే, మా పెద్ద క్లయింటు తరఫున మేనేజరు మూర్తి గారు వచ్చారు. వారి రాజుల కాలపు సినిమా మధ్యలో ఆగిపోయింది. అయినా ఆ ఖర్చును నిర్మాణంలో ఉన్న చిత్రాల కిందే కలపమన్నారు. "ఆగలేదండీ, చిన్న విరామం ఇచ్చామంతే."

"విరామమా? హీరో గడ్డం తీసేసి ఇంకో సినిమాల డాన్స్ చేస్తుండు. మీ సెట్టుల కోట దర్వాజ రహమత్ నగర్ల టిఫిన్ సెంటర్‌కు పెట్టిండ్రు. పొద్దుగాల దాని కిందనే ఇడ్లీ తిన్న," అన్నారు మేడమ్.

మూర్తి గారికీ నవ్వాగలేదు. నేను మాత్రం వేదిక మీద ఉన్నట్టే లేచి, వాటాదారుల హక్కుల గురించి మొదలుపెట్టాను. ఆయన ముఖం వాడిపోయింది. మేడమ్ నన్ను ఆపారు. "గెలుసుడు తర్వాత. ముందుగాల సార్‌కు చాయ్ చెప్పు."

చాయ్ తాగుతూ ఆయన నెమ్మదిగా అన్నారు: "ఆగిపోయిందని రాస్తే మా ఓనరు నన్ను ఉంచడండీ. మీ పని కూడా వేరేవాళ్లకి వెళ్లిపోతుంది."

"మీ తిప్పలు నాకు ఎరుకే," అన్నారు మేడమ్. "ఎందుకు ఆగిందో ఇద్దరం కూసొని మంచిగ రాద్దాం. ఖర్చును ఆ వివరణకు కలుపుత. నడుస్తున్న సినిమాల పక్కన మాత్రం కూసోబెట్టను. చదివెటోళ్లకు ఏ వరసని చెప్పాలె?"

ఆయన ఖాళీ కప్పును బల్ల మీద పెట్టి, తెచ్చిన కాగితాలు తీసుకుని వెళ్లిపోయారు. తరువాత ఆ కంపెనీ పని మా నుంచి వేరొకరికి వెళ్లింది. మేము సగం ఆఫీసును ఒక ఎడిటింగ్ బృందానికి కిరాయికిచ్చి, మిగిలిన సగంలో సర్దుకున్నాం. మూర్తి గారి ఉద్యోగం నిలిచిందని తెలిసినప్పుడు మేడమ్ అన్నది ఒక్కటే మాట: "పోనీ, ఆయనన్న సల్లగుండాలె."

మేడమ్ ఇప్పుడు లేరు. ఎదుటివారిని నిలదీయడం నాకు కళాశాల నేర్పింది. నిలదీసే ముందు వారికి కుర్చీ చూపించడం ఆమె నేర్పారు. ఈరోజు నా ఎదుట కూర్చున్నవారిని నేనూ అదే ప్రశ్న అడుగుతున్నాను.

మీకూ ఒక విన్నపం. మీరు వాటా కొన్న కంపెనీ నివేదికను ఈసారి తెరిచినప్పుడు ఒక్క అంకె దగ్గర ఆగండి. అది ఏ వివరణకు కలుస్తుందో వెతకండి. దొరక్కపోతే ఆ కంపెనీకి రాయండి. మర్యాదగానే అడగండి: ఇది మీకు ఏ వరస?