రెండున్నర కిలోల పాపి

ఆ రోజుల్లో మా కొండమీద పాపం చేయడానికి ఎవరికీ తీరిక ఉండేది కాదు. తెల్లారితే రాగి చేలోకో, మిరియాల పాదుల దగ్గరికో, అడవిలోకో పోవాలి; పొద్దుగూకితే పొయ్యి చుట్టూ చేరి అలసట తీర్చుకోవాలి. అలాంటి ఊరికి మైదానం నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు, మేమందరం ఏమీ చేయకుండానే పాపం సంపాదించుకున్నామని చెప్పారు. దాని పేరు జన్మపాపం. ఎప్పుడో ఆదాము, హవ్వ వద్దన్న పండు తిన్నారట. ఆ మరక తల్లి కడుపులోనే ప్రతి బిడ్డకూ అంటుకుంటుందట. (ఈ విషయం మీద ఇప్పుడు సభల్లో, అధ్యక్షులవారు చీటీలు పంపుతున్నా లెక్కచేయకుండా మాట్లాడతాను. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. చీటీలు పంపేవాళ్ళు లేరు, చెవి మెలిపెట్టేవాళ్ళు మాత్రం ఉన్నారు.)

పెదబయలు దాటి పైకెక్కితే వచ్చే మా ఊళ్ళో ఏసుప్రభువును నమ్ముకున్న ఇళ్ళూ ఉండేవి, కొండదేవతను వదలని ఇళ్ళూ ఉండేవి. రెండు రకాల ఇళ్ళకూ చట్టం మాత్రం ఒకటే: మామిడి కొత్త. చెట్టు విరిగేలా కాయలున్నా సరే, ఊరంతా కలిసి కొత్త పండగ చేసుకునేదాకా ఎవరూ కాయ కొరకకూడదు. కొరికితే తప్పు. మా దగ్గర తప్పంటే చేసిన పనీ అదే, దానికి కట్టే జరిమానా కూడా అదే. పెద్దలు కూర్చుని కోడో మేకో తప్పు వేస్తారు, తిన్నవాడు కట్టేస్తాడు, దాన్ని ఊరంతా కలిసి వండుకు తింటారు, సంగతి అక్కడితో సరి. తరవాత ఎవరైనా దెప్పిపొడిస్తే, ఆ దెప్పినవాడికి ఇంకో తప్పు.

ఆ ఏడు మొదటి తప్పు కట్టింది ఎవరో కాదు, అయ్యగారే. వచ్చిన కొత్తలో తెలియక, ప్రార్థన గుడి వెనక చెట్టు కాయ కోయించి పప్పులో వేయించుకున్నారు. పోపు వాసన ఊరంతా తిరిగింది. మా సంఘపెద్ద తాత (ఆదివారం గుళ్ళో కానుకలు పట్టేదీ, మిగతా రోజుల్లో ఊరి తగువులు తీర్చేదీ ఈయనే) వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. "తెలవక తినీసినారు, బెంగెట్టుకోకండి బాబూ. ఒక కోడి కట్టీయండి, సాలు." అయ్యగారు మంచి మనిషి, నవ్వేసి కట్టేశారు. వండాక ఒక కాలు ముక్క ఆయనే తిన్నారు కూడా.

ఆ వెంటనే మా తమ్ముడు పుట్టాడు. వాణ్ణి మొదట ఎత్తుకుంది అమ్మ, రెండోది నేను. (నర్సమ్మను లెక్కలోకి తీసుకోను, ఆవిడ తూకానికి ఎత్తుకుంది.) వాడి గుప్పిట్లో నా వేలు పెడితే గట్టిగా పట్టుకునేవాడు. బాప్తిస్మం రోజు దగ్గరపడింది. అయ్యగారు సండే స్కూలు గొప్ప చూపించాలని ఒక కొత్త పద్ధతి పెట్టారు: బిడ్డకు మాటలు రావు కనక, బిడ్డ తరఫున ఇంట్లో పెద్దపిల్ల జవాబు చెప్పాలి. "ఈ శిశువు ఎట్టివాడై పుట్టెను?" అని ఆయన అడుగుతారు. "పాపియై పుట్టెను" అని నేను అనాలి. వారమంతా వల్లె వేయించారు. వారమంతా నా నోరు ఆ మాట దగ్గర బిగుసుకుపోయింది. పాలు తాగి నిద్రపోవడం తప్ప మరో పని తెలియని నా తమ్ముణ్ణి, ఊరందరి ముందూ, నా నోటితో పాపి అనాలా?

ఆదివారం వచ్చింది. గుడి నిండిపోయింది. కొండదేవత ఇళ్ళవాళ్ళు కూడా కిటికీల దగ్గర నిలబడ్డారు. అయ్యగారు గొంతు సవరించుకుని అడిగారు: "ఈ శిశువు ఎట్టివాడై పుట్టెను?"

"రెండున్నర కిలోలై పుట్టెను" అన్నాను.

కిటికీల దగ్గర నవ్వులు మొదలయ్యాయి. అమ్మ నా జబ్బ గిల్లి, పళ్ళ బిగువున అంది: "ఏటే గుంటా, పరువు తీసేత్తన్నావు! సెప్పీవే బేగి."

"సెప్పను. ఆడు పాపి కాడు."

అయ్యగారు ఓపికగా వంగి, "తల్లీ, ఆదాము పండు తిన్నాడు గదా? అందుకని..." అన్నారు.

"మీరూ మావిడికాయ తినీసినారు. కోడి కట్టీసినారు. మరి మీ పాప పాపి అయిపోనాదా?"

అయ్యగారి భార్య ఒళ్ళో ఉన్న వాళ్ళ పాప, తన సంగతి వచ్చిందని తెలిసినట్టు కిలకిలా నవ్వింది. అప్పుడు సంఘపెద్ద తాత లేచాడు. అలవాటు చొప్పున తలపాగా సర్దుకున్నాడు. తగువు వినేటప్పుడు అలాగే సర్దుకుంటాడు. "అయ్యగారూ, ఆదాము తప్పు కట్టినాడా, నేదా?"

"తోటలోంచి వెళ్ళగొట్టారు. జీవితాంతం చెమటోడ్చి బతకమన్నారు."

"అయితే కట్టినట్టే గదా. సానా పెద్ద తప్పే ఏసినారు, ఒక్క కాయకి!"

"అలా కాదు పెద్దాయనా. ఆ తప్పు మనిషి తీర్చలేడు. అందుకే ప్రభువు తన ప్రాణం పెట్టి తీర్చాడు."

"ఓలమ్మ! రెండుమార్లు కట్టీసినారు. మరింకా ఈ గుంటడి కాడ ఏటి వసూలు సేత్తారు?"

గుడి గొల్లుమంది. అయ్యగారి దగ్గర దానికి జవాబు ఉండే ఉంటుంది, పెద్ద చదువు చదువుకున్న మనిషి. కానీ తమ్ముడు అప్పుడే గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. ఆయన ఇంకేమీ అడగకుండా వాడి తలమీద నీళ్ళు చల్లేశారు. అమ్మ కోపంతో రెండు రోజులు నాకు తల దువ్వలేదు. నేను చింపిరి జుట్టుతోనే గెలిచినట్టు తిరిగాను. ఇవాళ్టికీ నా మాట అదే: కళ్ళు తెరవని పసివాడి మీద నేరం మోపే లెక్క ఏ పుస్తకంలో ఉన్నా నేను ఒప్పుకోను.

ఇందులో నన్ను ఓడించినవాడు ఒక్కడే, ఆ రెండున్నర కిలోలవాడు. ఇప్పుడు తొంభై కిలోలు దాటాడు. అదే గుళ్ళో ప్రతి ఆదివారం మైకు పట్టుకుని "నేను ఘోరపాపిని" అని కళ్ళు మూసుకుని పాడతాడు. వాడి తరఫున నేను గెలిచిన కేసులో వాడే నేరం ఒప్పుకుంటున్నాడు! ఫోనులో దెబ్బలాడితే, "నువ్వు తప్పించీసినావు గానీ అక్కా, తరవాత నానే సంపాదించుకున్నాను" అని నవ్వుతాడు.

మొన్న విశాఖలో బజారుకెళ్ళాను. బండి నిండా మామిడిపళ్ళు. ఏ దేవుడికీ, ఏ దేవతకూ తలవంచని దాన్ని. పండు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను, మళ్ళీ బండిమీద పెట్టేశాను. బండివాడు విచిత్రంగా చూశాడు. నేను ఫోను తీసి అడిగాను: "తమ్ముడూ, ఊళ్ళో మావిడి కొత్త అయిపోనాదేటిరా?"