మంచు మీద మోపిన నింద

స్తంభం చీల్చుకుని వచ్చిన నరసింహస్వామికి ముందుగా నమస్కారం. ఆయన శాంతాన్ని కీర్తించేవారు ఎందరో ఉన్నారు. నేను ఆయన కోపాన్ని కీర్తిస్తాను. ఒక పసివాడికి అన్యాయం జరుగుతుంటే చూస్తూ కూర్చోలేకపోయిన ఆ కోపమే లేకపోతే మాబోటివాళ్ళు ఎవరిని నమ్ముకుని బతకాలి? స్వామీ, నీకు జయం.

మొన్న కాకినాడ రేవుకు చేపల కోసం వెళ్ళాను. ఐసు దిమ్మలను మరలో వేసి పొడి చేస్తున్నారు. ఆ కరకర చప్పుడు, ఎగిరి ముంజేతి మీద పడ్డ మంచు రవ్వలు, తడి గోనెసంచుల వాసన. ఒక్క క్షణం ఎండ మాయమై, నేను మళ్ళీ బహ్రెయిన్‌లో మంచు మైదానం గేటు దగ్గర వీర్రాజు గారి పక్కన నిలబడి ఉన్నాను. ఆయనను మీరెవరూ ఎరగరు. ఎరిగినవాళ్ళు ఆయన పేరు ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

తొంభైల నాటి మాట. బయట ఒళ్ళు కాలే ఎండ, లోపల పెద్ద హాలు నిండా గడ్డకట్టిన మంచు. దాని మీద ఇనుప అంచుల బూట్లతో జారుతూ ఆడే హాకీ కోసం కొత్తగా ఒక జట్టు కట్టారు. సరదా ఆట కాదు, జీతం మీద ఆడే జట్టు. చలి దేశాల నుంచి కొందరు వచ్చారు, మిగిలినవాళ్ళు అక్కడి కుర్రాళ్ళే. మంచును చెక్కి నున్నగా చేసే బండిని వీర్రాజు గారు నడిపేవారు. అంతకుముందు కాకినాడ ఐసు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆయన కింద నేనూ, జగిత్యాల వైపు నుంచి వచ్చిన నర్సయ్యా. ఊళ్ళో జిదాఫ్స్ అనే పేటలో మా పనివాళ్ళ క్యాంపు. శుక్రవారం మధ్యాహ్నం గదిలో చాపలు పరిచి భజన చేసేవాళ్ళం. పురాణ శ్రవణం, సంకీర్తన మా ఇంట పుట్టినప్పటి నుంచీ ఉన్నవే కాబట్టి నేను గొంతెత్తి పాడేవాణ్ణి. వీర్రాజు గారు చిడతలు ఆపి, "సూరిబాబు గారండీ, స్వామికి చెవుడు లేదండి, ఆయ్," అనేవారు. గదంతా నవ్వేది.

ఆ ఏడు దసరాకి బండిని కడిగి, జిదాఫ్స్ బజారులో కొన్న బంతిపూలు కట్టి, ముందువైపు కుంకుమ బొట్టు పెట్టాం. బయట మెట్ల దగ్గర కొబ్బరికాయ కొట్టాం. జట్టు కెప్టెన్ జాసిం, అక్కడి గలాలీ అనే ఊరి కుర్రాడు, బూట్లు చేత పట్టుకుని వచ్చి చూశాడు.

"ఏంటి బాబా, బండికి పెళ్ళా?"

"పెళ్ళే. నువ్వో ఆట గెలువు, భోజనాలు నేను పెడతాను," అన్నారు వీర్రాజు గారు.

జాసిం నవ్వి కొబ్బరి ముక్క నోట్లో వేసుకున్నాడు. సాయంత్రానికి బొట్టు తుడిచేశాం. పండగ అంతే.

ఆటలు మొదలయ్యాయి. మొదటిది ఓడారు. రెండోదీ ఓడారు. ఆ తర్వాత కూడా ఓడుతూనే వచ్చారు. కారణం ఆ హాలులో అందరికీ తెలుసు. సాధన చేయడానికి కుర్రాళ్ళకు మంచు దొరికేది కాదు. వేళలన్నీ ఆ హాలు మేనేజరు ఊళ్ళోవాళ్ళ పుట్టినరోజు విందులకూ, సరదాకి జారే కుటుంబాలకూ ఇచ్చేసేవాడు. జీతమిచ్చి తెచ్చిన జట్టు, కార్లు నిలిపే చోట మండే ఎండలో మామూలు బూట్లతో టెన్నిస్ బంతిని కొట్టుకునేది. లోపల బెలూన్లు, కేకు. గేటు దగ్గర జాసిం కర్ర పట్టుకుని చూస్తూ నిలబడేవాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

"సార్, పిల్లలకి ఒక్క పూటివ్వండి," అని వీర్రాజు గారు అడిగారు.

"భాయ్, నీ బండి సంగతి నువ్వు చూసుకో," అన్నాడు మేనేజరు.

జట్టు పెట్టిన పెద్దలు ఓటములకు కారణం చెప్పమన్నారు. మేనేజరుకు మా కుంకుమ గుర్తొచ్చింది. పనివాళ్ళు బండికి పూజలు చేశారనీ, ఆ పొడి పడి మంచు చెడిందనీ చెప్పేశాడు. దేవుడి పేరున పెట్టిన బొట్టును తన తప్పు మీద కప్పుకున్నాడు! పైగా వీర్రాజు గారిని పిలిచి, రేపు అందరి ముందూ "మంచు చెడింది, తప్పు నాదే" అని ఒక్క మాట అనమన్నాడు. అలా అంటే ఉద్యోగం ఉంటుంది, అనకపోతే లేదు.

క్యాంపులో నర్సయ్య బతిమాలాడు. "ఒప్పుకో కాకా. ఒక్క మాటనేనాయె. ఈ గల్ఫుల మన మాట ఎవడు యాదుంచుకుంటడే? ఇంటికి పోయి ఏం జేస్తవ్?"

నేను నా చదువు చూపించాను. "బాబాయ్, నింద మోయడం భక్తుడి లక్షణం అంటారు కదా."

ఆయన నా వైపు చూసిన చూపు మరిచిపోలేను.

"తప్పు మనదైతే కాళ్ళ మీద పడదాంరా. నేను ఒప్పుకున్నాననుకో, కారణం దొరికిపోయిందిగా, ఆ కుర్రోళ్ళకి రేపూ మంచివ్వరు. చేసినోడు హాయిగా తిరుగుతాడు, ఆళ్ళు ఓడిపోతానే ఉంటారు. దీన్ని భక్తంటావా? స్వామి పేరెట్టి పిరికితనం నేర్పకు నాకు."

మర్నాడు పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. జట్టంతా గోడ వారన నిలబడింది. "బోలో భాయ్," అన్నాడు మేనేజరు. వీర్రాజు గారు టోపీ తీసి, తనకు వచ్చిన హిందీలో నింపాదిగా చెప్పారు: "మంచు బాగానే ఉంది సార్. దాని మీద ఆడ్డానికి వీళ్ళకి టైమే ఇవ్వలేదు. పుట్టినరోజు పండగలకిచ్చారు."

"ఖలాస్! బయటికి పో!" మేనేజరు అరిచాడు.

జాసిం ముందుకు వచ్చాడు. "బాబా చెప్పింది నిజం," అన్నాడు.

పెద్దలు మర్నాటి నుంచి ఉదయాలు జట్టుకు ఇచ్చారు. చెప్పిన మనిషిని మాత్రం ఎదురు మాట్లాడాడని ఆ వారంలోనే ఇంటికి పంపేశారు! ఆయన మాట పనికొచ్చింది, ఆయన పనికిరాలేదు. వ్యాను ఎక్కుతూ ఆయనే మమ్మల్ని ఓదార్చారు. "ఏడుపెందుకురా? కాకినాడలో ఐసు కరువా? విమానం కూడా ఆళ్ళే ఎక్కిస్తున్నారు, ఆయ్."

కొన్నాళ్ళకు జట్టు మొదటి ఆట గెలిచింది. హాలు దద్దరిల్లింది. మేనేజరు మైకు పుచ్చుకుని, ఇదంతా తన ప్రణాళిక అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గేటు దగ్గర పార పట్టుకుని నిలబడ్డాను. ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లో మండుతాయి.

జాసిం చెమటతో జారుతూ వచ్చి బండి వైపు చూశాడు. "బాబా ఏడీ?"

"పంపేశారు."

వాడి ముఖంలో గెలుపు పోయింది. బండి మీద చెయ్యేసి అన్నాడు: "భోజనం పెడతానన్నాడే."

ఆ శుక్రవారం నర్సయ్య పప్పూ అన్నం వండాడు. భజన ముగిసే వేళకు జాసిం మా గదికి వచ్చి, చాప మీద కూర్చుని, చేత్తో తిన్నాడు. "ఇది బాబా పెట్టిందే," అన్నాడు.

వీర్రాజు గారు ఇప్పుడు లేరు. మా భజన మండలిలో ఎవరైనా నాతో "పోనిద్దురూ, ఎప్పటి మాటో" అంటే నేను పోనివ్వను. మనుషులను క్షమించే పని స్వామి చూసుకుంటాడు. జరిగింది చెప్పే పని నాది. ఆ పని నాకు అప్పగించి వెళ్ళింది, ఆ రోజు అందరి ముందూ నిజం చెప్పిన వీర్రాజు గారే.

చదివేవారూ, ఒక్కసారి నాతో కలిసి చేతులు జోడించండి. స్వామీ, తప్పు మాదైనప్పుడు మా తల వంచు. మాది కానప్పుడు వీర్రాజు గారిలా టోపీ తీసి, తల ఎత్తి, ఉన్నమాట చెప్పే నోరివ్వు. అన్యాయం చూసినప్పుడు నీ కోపంలో ఒక రవ్వ మా గుండెల్లో వేయి. అది చల్లారనివ్వకు.