అరగని చెప్పులు

మా చిన్నప్పుడు మా నాయన చెప్పులు కాళ్ళకంటే చంకలోనే ఎక్కువ తిరిగేవి...

నల్లగండ్ల పక్కనే మా ఊరు. ఊరందరికీ చెప్పులు కుట్టేది మా నాయనే. పటేలు వీధి మలుపు రాగానే తన జత విప్పి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకునేవాడు. ఎందుకని అడిగితే, "కుట్టినోని చెప్పులు అరగొద్దురా బిడ్డా" అనేవాడు. తిప్పి చూస్తే నిజంగానే అడుగు అట్ట కొత్తగా ఉండేది. మా నాయన కుడితే అరగనే అరగవని బడిలో అందరికీ గొప్పలు చెప్పాను.

ఎనిమిదేళ్ళప్పుడు నాకూ ఒక జత కుట్టాడు. కిర్రు చెప్పులు... అడుగు వేస్తే కిర్రు, తీస్తే కిర్రు. ఆ చప్పుడు ఊరంతా వినాలని ఉరుకుతూ నేరుగా పటేలు వీధిలోకే పోయాను. అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. వెనక నుంచి నాయన ఉరికొచ్చాడు. వంగి, నా కాళ్ళ చెప్పులు విప్పి, తన జత పక్కన పెట్టుకున్నాడు.

ఆయన చంకలో రెండు జతలు... ఎందుకు అరగవో ఆ రోజు తెలిసింది.

ఇగ మొన్నటి సంగతి. మనవరాలు సంధ్య నాలుగు రోజులు తిరిగొద్దామని నన్ను కారులో ఎక్కించుకుంది. దారిలో ఒక ఊర్లో, హక్కుల కోసం కొట్లాడినవాళ్ళ మ్యూజియం ఉందని ఆపింది. బొమ్మలు చూడటానికి ఇంత దూరమా అని విసుక్కున్నాను. లోపలికి పోయాక నన్ను బయటికి లాగడం ఆమె వల్ల కాలేదు.

ఒక అద్దాల పెట్టెలో పాత చెప్పుల జత ఉంది. కింద రాసింది కూడబలుక్కుని చదివాను... 'కూలీలు తొడిగిన చెప్పులు'.

తప్పు అన్నాను, గట్టిగానే. అందరూ తిరిగి చూశారు. అక్కడ పనిచేసే అమ్మాయి మెల్లగా, "చదువుకున్న సార్లు రాసిన్రు తాతా" అంది.

"సార్లు చెప్పులు కుట్టిన్రా?" అన్నాను.

తొడిగిన చెప్పుకి పట్టీ లోపల నల్లబడుతుంది. దీనికి పైన నల్లబడింది... అది చంక చెమట. అట్ట తిప్పి చూడండి, మడమ అరిగి ఉంటే ముక్కు నేలకు రాస్తానన్నాను. సంధ్య సిగ్గుతో నా చెయ్యి గుంజుతోంది.

ఆ అమ్మాయి పోయి పెద్ద సారును పిలుచుకొచ్చింది. ఆయన తాళం తీశాడు. అరిగి ఉంటే నా పరువు సరే... మా నాయన మోసింది ఇంకెవరూ నమ్మరు.

తిప్పాడు.

మడమ దగ్గర కుట్టు ఒక్క పోగు కూడా తెగలేదు. అట్ట కోసినప్పటి కత్తి గీత కూడా అట్లాగే ఉంది. నేను పెళ్ళి నాడు కూడా అంత సంబరపడలేదు.

ఆయన ఒక కాగితం, పెన్ను నా చేతికిచ్చాడు. "మీరే రాయండి పెద్దాయనా."

నేను చదివింది మూడో తరగతి. అయినా రాశాను... 'తొడగనియ్యలే. చంకల మోసినం.' అక్షరాలు దిద్దుతానంది సంధ్య. ముట్టొద్దన్నాను. ఆ కాగితాన్ని అట్లాగే పెట్టెలో పెట్టి తాళం వేశారు.

ఇప్పుడు మా పటేలు వీధి లేదు. అక్కడ అద్దాల ఆఫీసులు లేచాయి. మెడలో బిళ్ళలు వేసుకున్న పిల్లలు షూ వేసుకుని చప్పుడు లేకుండా పోతుంటారు. రోజూ పొద్దున నేనూ అక్కడే నడుస్తాను, కావాలనే కాళ్ళీడుస్తూ. ఏడాదికి రెండు జతలు అరగదీస్తాను. కిర్రు చెప్పులు కుట్టేవాళ్ళే ఇప్పుడు దొరకడం లేదు, అదొక్కటే లోటు...

మీ ఇంట్లో కూడా చెప్పులు చంకలో మోసినవాళ్ళు ఉంటే, వాళ్ళ పేరు కింద రాయండి. అక్షరం తప్పు పోయినా ఏం కాదు.