చూసిన వైపు

"చూడకుండా రాశానని కాదమ్మా. చూశాను. తప్పు వైపు నుంచి చూశాను," అన్నాడు వార్సితో అనే ఆ పెద్దాయన, కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటూ.

విదతి కలం ఆగింది. సోలో పట్టణంలో ముప్పై ఏళ్లు తోలుబొమ్మలాటల మీద పత్రికలో సమీక్షలు రాసిన మనిషి ఆయన. వార్షిక సంచికకి ఆయన జీవితం రాసుకురమ్మని సంపాదకుడు పంపితే వచ్చింది విదతి. అప్పటికే సగం నోటుపుస్తకం నిండింది: ప్రూఫులు దిద్దే కొలువులో చేరడం, పాత విమర్శకుడికి టైఫాయిడ్ వస్తే ఒక్కసారికని వెళ్లినవాడు అక్కడే పాతుకుపోవడం, ఆడించేవాళ్లు ఆయన్ని చూడగానే ముందు వరుసలో కుర్చీ దులపడం.

"ఆ కుర్చీయే ముంచింది. పెద్దమనుషులం అందరం ఆడించేవాడి వైపే కూర్చుంటాం కదా. బొమ్మల బంగారు పూత, వాయిద్యాలు, పాటగత్తెలు అన్నీ ఇటే. నీడలు తెరకి అటు, ముసలమ్మలకీ పిల్లలకీ."

"వేయించిన టోఫూ కూడా ఇటే పెడతారు," అంది లోపల్నుంచి భార్య సుమీ. "అది మాత్రం చెప్పరు."

"అదీ రాసుకో," అన్నాడాయన.

క్లాతెన్ ఊరి దర్సోనో ఆట మీద తాను రాసిన వాక్యం ఆయనకి ఇప్పటికీ కంఠతా వచ్చు: "ఈయన చేతిలో భీముడు తీగ మీద ఆరేసిన చొక్కా." ఊరంతా నవ్వుకుంది. ఆ తర్వాత దర్సోనోని పెళ్లిళ్లకి పిలవడం మానేశారు. ఆయన మిరపతోట చూసుకుంటూ ఉండిపోయాడు.

కిందటేడు తన మేనల్లుడి పెళ్లికి ఈ విమర్శకుడు ఆలస్యంగా వెళ్లాడు. ఇవతల చోటు లేదు. అవతల పిల్లల మధ్య చాప మీద కూలబడ్డాడు. ఆడిస్తున్నది దర్సోనో కూతురు. అచ్చం తండ్రి చెయ్యే.

"చెయ్యి కదిలీ కదలనట్టుంటుంది. బొమ్మని దీపం వైపు వెంట్రుకవాసి జరుపుతుంది, వెనక్కి తీస్తుంది, అంతే. అటు నీడలో భీముడి రొమ్ము పొంగుతోందమ్మా. ఊపిరి తీసుకుంటున్నాడు. నేను చొక్కా అన్నది దాన్నే."

"మరి అప్పుడే ఎందుకు రాయలేదు పాక్?" అంది విదతి, అక్కడ పెద్దవాళ్లని పిలిచే మర్యాదతో.

"రిటైరైపోయాను కదా అని..."

"సిగ్గేసిందని చెప్పండి," అంది సుమీ.

"సిగ్గే," అని తలొంచుకున్నాడు. ప్రూఫులు దిద్దిన కళ్లు కదా, విదతి పుస్తకంలో తలకిందులుగా ఉన్న శీర్షిక కూడా చదివేశాయి: నిర్భయ విమర్శకుడు. "అది కొట్టెయ్."

ఆమె కొట్టేసి లేచింది. ఆయన గుమ్మం దాకా వచ్చాడు.

"అచ్చువేసే ముందు క్లాతెన్ వెళ్లి దర్సోనోకి ఇదంతా చదివి వినిపించు. మర్యాదస్తుడు, పర్లేదు అనేస్తాడు. ఆ మాట నమ్మకు. కూతుర్ని కూడా పక్కన కూర్చోబెట్టి చదువు. ఆ పిల్ల వెయ్యమంటేనే వెయ్యండి."