సువార్తమ్మగారు తీయని తలుపు

మరుగైన వాటినన్నిటినీ ఎరిగిన దేవునికి, దాక్కున్నవారిని సైతం పేరుపెట్టి పిలిచే ప్రభువుకు స్తోత్రం.

మొన్న హైదరాబాదులో మా అమ్మాయి నన్ను హోటలుకు భోజనానికి తీసుకెళ్లింది. తీరిగ్గా తింటున్నాం. లోపల ఎవరో చల్లమిరపకాయలు వేయించిన వాసన వచ్చింది. నా ముద్ద చేతిలోనే ఆగిపోయింది. సువార్తమ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడ నందిగామలో మా సంఘపు సండే స్కూలు టీచరు. నాకు వాక్యం చదవడం, అబద్ధమాడకుండా బతకడం నేర్పినది ఆవిడే. ఆవిడ అక్క కరుణమ్మ ఒక వర్షాకాలం మునేరు ఒడ్డున చెప్పులు వదిలి కనిపించకుండా పోయింది. శవం దొరకలేదు. భర్త కొట్టే దెబ్బలు అందరికీ తెలుసు కనుక ఏట్లో దూకిందనుకున్నారు. జ్ఞాపకార్థ కూడిక కూడా జరిపించారు. అయినా ఆ భర్త ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, "ఏమ్మా సువార్తా, మీ అక్క ఎక్కడన్నా కనపడిందా?" అని మెల్లగా అడిగేవాడు. "చూడలేదు బావా" అనేవారు ఆవిడ. చనిపోయిందని తానే కూడిక పెట్టించిన మనిషి గురించి అలా అడుగుతుంటే నా వీపు మీద చల్లగా ఏదో పాకేది.

డెబ్బయ్యో దశకం చివర్లో, స్త్రీల కూడికకని ఇద్దరం జగ్గయ్యపేట వెళ్లాం. కూడిక ముగిశాక బజారులో ఒక హోటలుకు నడిచాం. రద్దీ తగ్గిపోయింది.

"ఎప్పుడూ వండిపెట్టడమేగా. ఇవాళ రాణుల్లా కూర్చుని తిందాం, తర్వాతి బస్సుకి పోదాం" అన్నారు ఆవిడ.

"మీరు రాణయితే నేనెవర్నండీ?"

"మంత్రివి. అప్పడాలు అడుగు."

విస్తట్లో దోసకాయ పప్పు పడింది. మొదటి ముద్దకే ఆవిడ నవ్వు ఆగిపోయింది. చల్లమిరపకాయలు వేయించి, నలిపి పప్పులో కలిపారు.

"ఇది మా అక్క చెయ్యి."

"ఇంకెవరైనా ఇట్టా చేస్తారేమోనండి."

"చేస్తారు. ఈ రుచి రాదు."

వంట ఎవరిదని వడ్డించే ఆయన్ని అడిగాను. "ఎవరో ఆడమనిషండి. పేరు చెప్పదు, ముఖం చూపించదు. తెల్లారకముందే వస్తది, చీకటిపడ్డాక పోతది. మేం కూడా తలుపు సందులోంచే గిన్నెలు అందుకుంటాం."

సువార్తమ్మగారు ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లారు. వెనకే నేనూ. వంటగది తలుపు దగ్గరగా వేసి ఉంది. మేం నిలబడగానే లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆవిడ తలుపు మీద చెయ్యి వేశారు. కొంచెం తోస్తే చాలు. తోయలేదు. కళ్లు మూసుకుని ప్రార్థించారు.

"ప్రభువా, ఇది వండిన చేతిని కాపాడు. మళ్లీ ఎవరికీ చిక్కనియ్యకు."

తర్వాత తలుపుకు అటువైపు, మా చెవులకు జానెడు దూరంలో, "ఆమేన్" అని వినిపించింది. అది గొంతో, ఉత్త ఊపిరో ఈనాటికీ చెప్పలేను.

ఆవిడ వచ్చి కూర్చుని, కన్నీళ్లు తుడుచుకోకుండా, మెతుకు మిగల్చకుండా నెమ్మదిగా తిన్నారు.

"తలుపు తీయలేదేంటండీ?" బస్సులో అడిగాను.

"తీస్తే చూస్తాను కదే. ఆదివారం బావ అడుగుతాడు. అబద్ధమాడలేను, అక్కని పట్టివ్వలేను."

ఆదివారం ఆయన గుమ్మం దగ్గరే ఉన్నాడు. "జగ్గయ్యపేట పోయారంటగా. అక్కడన్నా కనపడిందా?"

"చూడలేదు బావా" అన్నారు, ఆయన కళ్లలోకి చూస్తూ.

ఆయన బతికున్నన్నాళ్లూ ఆవిడ మళ్లీ జగ్గయ్యపేట వెళ్లలేదు. ఎనభైల్లో ఆయన పోయాక ఇద్దరం వెళ్లాం. వంటగదిలో ఎవరో కుర్రాడున్నాడు. పాత వంటమనిషి సంగతి ఎవరికీ తెలియదు.

మా సంఘంలో చనిపోయినవారి కోసం ప్రార్థించం. సువార్తమ్మగారు కన్నుమూసేవరకు కరుణమ్మ కోసం ప్రార్థిస్తూనే ఉన్నారు. ఆ తర్వాత ఆ పని నేను తీసుకున్నాను. ఉంటే ఆమెకిప్పుడు తొంభై దాటి ఉంటాయి. ఇది చదివేవారు కూడా ఒక్క నిమిషం తల వంచి, ఆమె ఎక్కడున్నా భయం లేకుండా ఉండాలని నాతో కలిసి అడగండి.